బావ కుట్టుకున్న జేబు

మా బావ దర్జీ. నలభై ఏళ్లుగా బొజ్జలూ గూనులూ ఎగుడుదిగుడు భుజాలూ బయటపడకుండా చొక్కాలు కుట్టి పంపినవాడు. ఎదుటివాడి లోపం కప్పడమే మన పని అంటాడు. పక్కన కూర్చుని కాజాలు తీసేది ఆయన బావమరిదినైన నేను.

ప్రోస్టేట్ వాచి ఒకరోజు ఆయనకు మూత్రం ఆగిపోయింది. ఆసుపత్రిలో గొట్టం వేసి, చివర సంచి తగిలించి పంపారు. రెండు వారాల తర్వాత తీసి చూస్తామనీ, సొంతంగా పోస్తే సరేననీ, లేకపోతే గొట్టం ఉండిపోతుందనీ డాక్టరు చెప్పాడు. బావకు ఇక ఆ రోజు తప్ప మరో ధ్యాస లేదు.

కూర్చున్నంతసేపూ సంచి మిషను కింద కొక్కేనికి వేలాడేది. కొలతలకు లేస్తే చేత్తో పట్టుకోవాలి. ఒక్క చేత్తో టేపు పట్టి కొలిచేదెలా? ఒకావిడ దాన్ని చూసి, "మళ్లీ వస్తాలెండి" అని తెచ్చిన గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు చొక్కా లోపల, చంక కింద, కాన్వాసు వేసి జేబు కుట్టుకున్నాడు. సంచి అందులో దూర్చి అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు.

"ఏరా, ఎక్కడుందో చెప్పు చూద్దాం."

"నువ్వు దొంగతనాలకెళ్లినా దొరకవు బావా!"

ఇద్దరం పగలబడి నవ్వాం. సంచి ఎప్పుడూ నడుముకు కిందే ఉండాలని నర్సు చెప్పినప్పుడు ఇద్దరమూ గంగిరెద్దుల్లా తలలూపినవాళ్లమే. కుట్టుపనిలో పడ్డాక ఆ మాట గాలికి పోయింది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ జేబుకు కాజా తీసింది నేనే.

మూడోరోజు చలిజ్వరం పట్టుకుంది. సంచి పైనుండటంతో అందులోది వెనక్కి తన్ని, లోపల చీము పట్టిందన్నారు. వారం రోజులు సూదులు పొడిచారు. తగ్గాక గొట్టం తీశారు.

"ఇవాళ పోస్తే ఇంటికే" అంది నర్సు.

బావ చెంబులకొద్దీ నీళ్లు తాగాడు. నీళ్ల చప్పుడుకైనా వస్తుందేమోనని అక్క బాత్రూములో కొళాయి తిప్పి, తలుపు బయట నిలబడింది. గంటయింది. రెండు గంటలయింది. లోపలి నుంచి మూలుగు తప్ప ఇంకేమీ లేదు.

"వచ్చిందా?" అని అక్క అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. వస్తే చెప్పడా? అయినా అడగడం తప్ప ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? నేను ఆ పాటి కూడా చెయ్యలేకపోయాను.

చివరికి తలుపు తెరుచుకుంది. బావ పొత్తికడుపు కుండలా ఉబ్బి ఉంది. ఒంటిమీద బట్ట ఎక్కడుందో ఆయనకే తెలియదు. వార్డులో అందరూ చూస్తున్నారు. అక్క కప్పబోతే ఆవిడ చెయ్యి విదిలించి కొట్టాడు. నా కూతురంత కూడా లేని ఆ నర్సు ముందు చేతులు జోడించి ఏడ్చాడు.

"వేసెయ్యమ్మా. మళ్లీ వేసెయ్యి. ఉండిపోతే ఉండిపోనీ, నీకు దణ్ణం పెడతా."