లాగొద్దు, నూకు

గగన్‌పహాడ్‌లో బ్యాంకుల డబ్బు మోసే బండ్లకు కాపలా పెట్టే ఒక సంస్థలో నేను పిస్తోళ్లు బాగుచేసేవాణ్ణి. బడికి పోకుండా, చూసి నేర్చుకున్న పని. అక్కడి గార్డుల్లో పెద్దాయన ఫౌజులో చేసి వచ్చినవాడు. కొత్తవాళ్లకు ఒకటే మాట చెప్పేవాడు: "లాగొద్దు బిడ్డా, నూకు."

తూటా ఎక్కాలంటే పిస్తోలు పైనున్న స్లైడు వెనక్కి జరగాలి. దాని స్ప్రింగు మొండిది. ఆయన పిస్తోలును ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, ఎడమ అరచేయి మొత్తం స్లైడు మీద బిగించి, కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టేవాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా ఒక్కసారీ తప్పలేదు.

ఒక ఏడు గార్డుల పిస్తోలు పరీక్షకు కొత్త అధికారి వచ్చాడు. చేతులు చాచి, రెండు వేళ్లతో స్లైడు లాగితేనే పాసట! ఎవడు రాసిన శాస్త్రమో అది.

పరీక్ష ముందురోజు పెద్దాయనతో నేనన్నాను: "అన్నా, మెత్త స్ప్రింగేస్త. ఎవ్వరికీ తెల్వది."

"రేపు గదే పిస్తోలు ఇంకొకని చేతికి పోతది. మెత్త స్ప్రింగుకు గోలీ ఇరుక్కుంటే వాడు సస్తడు. నా నౌకరి కోసం గంత పని జేస్తవా?"

మర్నాడు పరీక్షలో ఆయన వేళ్లు స్లైడు మీద జారాయి. అధికారి నవ్వాడు. ఆయన ఉద్యోగం పోయింది. ఆ నవ్వుకు ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. కానీ ఆ పూట నేనూ నోరు మెదపలేదు.

మొన్న శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందు ఇనుప గేటు ఇరుక్కుంది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. నేను వెళ్లి గేటు పట్టుకుని లాగబోయాను.

"లాగొద్దు, నూకు" అన్నాడు వాచ్‌మన్, గేటుకు ఛాతీ ఆనించి.

ఇద్దరం నెట్టాం. గేటు జరిగాక తలెత్తి నన్ను గుర్తుపట్టాడు. వంకరపోయిన వేళ్లను జేబుల్లో దాచుకున్నాడు.