ఇంజిన్ ఆపాక వినిపించిన బుస్సు

మా షెడ్డుకొచ్చేవాళ్లకి మా మామగారి అసలు పేరు తెలియదు. అందరికీ ఆయన చెవుల మేస్త్రీ. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని బండి జబ్బేమిటో చెప్పేస్తారు. ఆయన కుడిచెవి అంచున ఎప్పుడూ గ్రీజు మరక ఉంటుంది. కోడలిగా వచ్చిన కొత్తలో ఇదంతా గొప్పలకు పోవడమే అనుకున్నాను. తర్వాత ఆయన దగ్గరే పని నేర్చుకుని, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఇప్పుడు స్కానర్ పెట్టి అంకెలు చదవడం నా వంతు, విని తేల్చడం ఆయన వంతు. తేల్చాక మాత్రం ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

రోగుల ఇళ్లకు తిరిగే నర్సమ్మగారి కారు ఆ నెలలో మూడోసారి వచ్చింది. నల్లటి పొగ, సిగ్నల్ దగ్గర నిలిపితే ఇంజిన్ ఆగిపోవడం.

"మేస్త్రీగారూ, నిన్న నడిరోడ్డు మీద ఆగిపోయింది. అక్కడేమో ఒక పెద్దాయన ఇంజెక్షన్ కోసం ఎదురు చూస్తున్నాడు. ఈసారీ బాగవకపోతే వేరేచోట చూపించుకుంటాను, ఏమీ అనుకోకండి" అందావిడ. ఆ గొంతులో కోపం లేదు. మామగారికి అదే ఎక్కువగా తగిలింది. చెవి మీద నమ్మకం పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది, బొటనవేలంత. అది చెప్పిన లెక్కను బట్టే బండి పెట్రోలు తీసుకుంటుంది. ఈ కారులో ఆ లెక్క మరీ ఎక్కువగా ఉంది. ఎక్కడో గొట్టం చిట్లి బయటి గాలి దూరుతుండాలి, లేదా సెన్సరే అబద్ధం చెబుతుండాలి.

మామగారు స్క్రూడ్రైవర్ ఆనించి విన్నారు. "గాలి లీకే. బుస్సుమంటోంది, వినబడటం లేదూ?"

నాకు వినబడలేదు. ఇంతకుముందు రెండుసార్లూ ఇలాగే అంటే రెండు గొట్టాలు మార్చాం. సెన్సర్ చూద్దామంటే నా మాట చెవిన పెట్టలేదు. "మీ నాన్నకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అని మా ఆయన దగ్గర విసుక్కున్నాను కూడా.

ఈసారి ఆయన పాఠమే ఆయనకు అప్పజెప్పాను. "మామయ్యా, సాక్షిని నమ్మేముందు మనకి జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలని మీరే కదా నేర్పారు?"

"నేర్పాను. అయితే?"

"అయితే ఈ సెన్సర్‌ని అడుగుదాం."

ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచాను. ఇంజిన్ నడవనప్పుడు లోపలా బయటా ఒకటే గాలి. గొట్టం చిట్లినా చిట్లకపోయినా సెన్సర్ బయటి ఒత్తిడే చూపాలి. పక్కనున్న మా కారుకి కూడా అలాగే స్కానర్ పెడితే తొంభై తొమ్మిది చూపించింది. నర్సమ్మగారి కారు నూట ఇరవై ఒకటి అంది.

"ఒకే కప్పు కింద రెండు రకాల గాలి ఉంటుందా మామయ్యా?" అన్నాను. గెలిచానన్న పొగరు నా గొంతులో ఉంది, దాచడమెందుకు?

"సెన్సర్ పోయింది, ఒప్పుకుంటాను. కానీ లీకు కూడా ఉందమ్మా. ఇదిగో, ఇప్పుడు కూడా బుస్సుమంటూ..."

అంటూనే ఆగిపోయారు. ఆగి ఉన్న ఇంజిన్ వంక చూశారు. స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీసి, మెల్లగా గేటు దాకా నడిచి, అక్కడ కాసేపు నిలబడి తిరిగొచ్చారు.

"అక్కడా ఉంది" అన్నారు.

శంఖం మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

"చాన్నాళ్ల నుంచీ ఉందమ్మా ఈ బుస్సు. ప్రతి బండిలోనూ వినబడుతుంటే, ఈ మధ్య బండ్లే ఇలా తయారవుతున్నాయనుకున్నాను."

ఆయన నవ్వబోయారు. నాకు ఏడుపొచ్చింది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "వెళ్దాంలే, ముందు ఆవిడ బండి చూడు" అన్నారు.

కొత్త సెన్సర్ బిగించాం. నర్సమ్మగారు వచ్చేసరికి ఇంజిన్ నడుస్తోంది. మామగారు స్క్రూడ్రైవర్ పిడిని చొక్కాకి తుడిచి నా చేతికిచ్చారు. కొన ఎక్కడ ఆనించాలో వేలితో చూపించారు.

"బుస్సు ఉందా?"

"లేదు మామయ్యా."

"సరిగ్గా విను."

మళ్లీ విన్నాను. "లేదు. సాఫీగా ఉంది."

ఆయన ఇంజిన్ ఆపి తాళం నర్సమ్మగారికి అందించారు. "ఇక దారిలో ఆగదమ్మా. మా కోడలు విని చెప్పింది."