మా అక్క నేర్చుకున్న మర్యాద

మా అక్కకి ముప్పై ఏళ్ళు. బుద్ధి మాత్రం పుట్టుకతోనే నాలుగేళ్ళ పిల్లది. మూడు రోజులుగా నడవనని మొండికేస్తుంటే, "వేషాలెయ్యకు" అని గదమాయించి ఈ రోజు తణుకులో డాక్టరు గారి దగ్గరికి నేనే లాక్కెళ్ళాను.

ఆయన కుర్చీలోంచి లేవకుండానే "ఎలా ఉన్నావమ్మా?" అన్నారు.

"బాగున్నానండి" అంది అక్క నవ్వుతూ.

"విన్నారుగా? నొప్పుంటే చెప్పదాండి? వీళ్ళకి మొండితనం మామూలే" అని నిద్రమాత్రలు రాసిచ్చారు. వైద్యశాస్త్రం అంత వేగంగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు.

బయటికి వస్తుంటే గచ్చు తుడిచే ఆవిడ కేకేసింది. "ఇప్పుడే తుడిచానండీ! ఎవరిదండీ ఈ నెత్తురు?"

చెప్పులు గుమ్మం బయటే విడిచాం కదా, ఆ మరకలు అక్క పాదానివి. ఆవిడే వంగి చూసింది. అరికాల్లో గాజుపెంకు, చుట్టూ చీము.

నర్సు దాన్ని లాగుతుంటే అక్క కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"నొప్పిగా ఉందామ్మా?"

"బాగున్నానండి."

ఎవరు పలకరించినా అలాగే అనాలని చాక్లెట్లు పెట్టి మరీ నేర్పిన గురువుని నేనే. చుట్టాలంతా తెగ మెచ్చుకునేవారు. నేర్పిన మర్యాదని మరిపించడం మీలో ఎవరికైనా తెలిస్తే కింద చెప్పండి. చాక్లెట్లు నేనే తెచ్చుకుంటాను.