వాకర్ వాళ్ళ ఆడపడుచు

నా ఇంటిపేరు ఒకసారి చెప్తే ఎవరికీ చాలదు. "వాకర్" అంటాను. "అది కాదమ్మా, మీ ఇంటిపేరు" అంటారు. అదే మా ఇంటిపేరంటే నా నుదుటి బొట్టు వైపు చూస్తారు. మర్యాదస్తులు ఊరుకుంటారు, మిగతావాళ్ళు "ఎప్పుడు మతం మారారు?" అని అడిగేస్తారు. మేం ఎప్పుడూ ఎక్కడికీ మారలేదు. ఉన్నచోటే ఉన్నాం, పేరే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.

మా నాన్నగారి తాత రెజిమెంటల్ బజార్‌లో ఉంటూ కంటోన్మెంట్‌లో వాకర్ అనే దొర బంగ్లాలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేవాడు. బజారంతా ఆయన్ని వాకర్ సాబ్ మనిషి అనేది. దొర ఓడెక్కి వాళ్ళ దేశం పోయాడు, ఆ పిలుపు మాత్రం పోలేదు. కొడుకును బడిలో వేసేటప్పుడు పంతులు ఇంటిపేరు అడిగితే, అందరూ పిలిచే పేరే చెప్పి వచ్చాడట. అంతకుముందు మా అసలు ఇంటిపేరేమిటో ఇప్పుడు మాలో ఒక్కరికీ తెలియదు. దొరలు పేరు చివర తగిలించుకునేది మాకు ముందుకొచ్చి కూర్చుంది.

చిన్నప్పుడు సీతాఫల్‌మండిలో పిల్లలు మమ్మల్ని ఏడిపించేవాళ్ళు. వాకర్ వాళ్ళు బస్సెక్కరు, కాశీకైనా నడిచే పోతారని. తమ్ముడు ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు, నేను కొట్టి వచ్చేదాన్ని. ఈ గొడవ భరించలేకే కాబోలు, నాన్న లైబ్రరీకి పోయి ఆ పేరు పుట్టుక వెతికాడు. ఇంగ్లండులో యంత్రాలు రాకముందు, నేసిన ఉన్ని బట్టను తొట్లలో నానేసి, అది చిక్కబడేదాకా కాళ్ళతో తొక్కేవాళ్ళట. ఆ పని చేసేవాళ్ళకు వచ్చిన పేరు వాకర్. నాన్న ఆ సాయంత్రం పెళ్ళివారిలా నవ్వుకుంటూ వచ్చాడు.

"వాళ్ళ తాతలు బట్టలు తొక్కిండ్రు, మన తాతలు ఉతికిండ్రు. ఇద్దరిదీ నీళ్ళల్ల నిలబడి చేసే కష్టమే. ఇగ సిగ్గెందుకు బిడ్డా?" అన్నాడు మా ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని. ఆ రోజు నుంచి నాకు ఆ పేరంటే పొగరు. పెళ్ళి చేసుకోలేదు కనుక మరో ఇంటిపేరు వచ్చి దాన్ని తుడిచెయ్యలేదు. బడిలో పిల్లలకు నేను వాకర్ టీచర్ని. పద్మారావు నగర్‌లో తమ్ముడి వీధిలో కూరగాయలమ్మే ఆమెకు కూడా అంతే.

పోయినేడు తమ్ముడు ఉన్నట్టుండి ఈ కథంతా అడిగాడు. నాన్న పోయాక వాడు ఆ ఊసెత్తడం అదే మొదటిసారి. ఓపిగ్గా విన్నాడు. "ఈ సంగతి ఇంక ఎవరెవరికి తెలుసక్కా?" అన్నాడు. వాడికి ఇన్నాళ్ళకు నాన్న మీద ప్రేమ పుట్టుకొచ్చిందని మురిసిపోయాను. రెజిమెంటల్ బజార్‌లో ఇంకా బతికున్న పెద్దవాళ్ళనూ, దూరపు చుట్టాలనూ గుర్తు చేసుకుని మరీ చెప్పాను.

తర్వాత వాడి కూతురి పెళ్ళి కుదిరింది. పిల్ల ఆఫీసులో కలిసి పనిచేసే అబ్బాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడిన కుటుంబం. నిశ్చితార్థం ఏదో చిన్నగా కానిచ్చేశామన్నాడు, నమ్మాను. పెళ్ళికార్డు ఏదిరా అంటే నవ్వేశాడు.

"నీకు కార్డెందుకే అక్కా? కార్డులు బయటోళ్ళకిస్తరు. నువ్వు ఇంటి మనిషివి. టైముకు క్యాబ్ జేసుకొని వచ్చెయ్."

ఎంత బాగా అన్నాడో. ఆ మాటకు నాకు కడుపు నిండిపోయింది కూడా.

పెళ్ళినాడు పట్టుచీర కట్టుకుని హాలు దగ్గర దిగాను. గేటు పైన పూలతో రాసిన ఇంటిపేర్లు రెండూ నాకు తెలియనివే. వాచ్‌మన్‌ను వాకర్ వాళ్ళ పెళ్ళి ఎక్కడని అడిగాను.

"గా పేరుతోని ఈడ ఏ పెండ్లీ లేదమ్మా. పక్క హాల్ల అడుగుర్రి."

వెనక్కి తిరగబోతుంటే లోపల తమ్ముడు కనిపించాడు, కొత్త పంచెలో. నన్ను చూసి పరుగున వచ్చి, చెయ్యి పట్టుకుని ఓ పక్కకు తీసుకెళ్ళాడు.

"పేరు మార్పిచ్చుకున్న అక్కా. జెర అర్థం జేసుకో. దొర బట్టలు ఉతికినోళ్ళం అని వీళ్ళకు చెప్పుకోవాల్నా? ఈ ఒక్కరోజు పరేషాన్ చెయ్యకు."

గేటు మీద పూలలో ఉన్నది వాడు కొత్తగా పెట్టుకున్న పేరట. జమీందారుల పేరులా గంభీరంగా ఉంది. ఒళ్ళు మండిపోయింది. అయినా పీటల మీద కూర్చోబోయేది నేను ఎత్తుకు పెంచిన పిల్ల. నోరు మూసుకుని లోపలికి వెళ్ళాను. రెజిమెంటల్ బజార్ నుంచి ఒక్క మొహం లేదు. నేను గుర్తు చేసుకుని చెప్పిన వాళ్ళలో ఒక్కరినీ వాడు పిలవలేదు. ఎవరిని పిలవకూడదో నా నోటితోనే చెప్పించుకున్నాడన్నమాట.

పెళ్ళికొడుకు తల్లి ఎదురొచ్చి ఆప్యాయంగా నా చేతులు పట్టుకుంది.

"మీరేనా అండీ టీచరుగారు? అన్నయ్యగారు చెప్పారండీ. ఆయన పెద్దమ్మగారి అమ్మాయంటగా! అందుకే మీ ఇంటిపేరు వేరన్నారు."

తమ్ముడు ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. వీధి వీధంతా నన్ను వాకర్ టీచర్ అంటుంటే నా పేరు దాచడం వాడి వల్ల కాదు. అందుకని నన్నే నాన్నకు కూతుర్ని కాకుండా చేశాడు. నాన్నను చివరిదాకా చూసుకున్నది నేను. ఆమెకు ఏం చెప్పానో గుర్తు లేదు, నవ్వాననుకుంటాను.

మండపంలో పంతులుగారు బాసికం చేతిలోకి తీసుకున్నారు. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి అది కట్టేది మేనత్త. "అమ్మాయి మేనత్తగారు రావాలి" అని ఆయన మైకులో పిలిచారు. అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను.

"మేనత్త లేదు పంతులుగారూ. వాళ్ళ పిన్ని కడ్తది" అన్నాడు తమ్ముడు.

పిల్ల తలెత్తి నేరుగా నా వైపు చూసింది. అత్తా అంటుందని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను. తల దించుకుని, మరదలి చెల్లెలు కట్టడానికి వీలుగా నుదురు ముందుకు వంచింది. దానికీ ముందే తెలుసు.

అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా బయటికి వచ్చేశాను. పెళ్ళింట్లో సొంత మేనత్త తినకుండా వెళ్ళిపోతే గోల అయిపోయేది. పెద్దమ్మ కూతురు తిన్నదా లేదా అని ఎవరూ అడగలేదు.