సత్తియ్య మావ నాలుక

మా ఎదురింటి సత్తియ్య మావకి వంక పెట్టకుండా ముద్ద దిగదు. అమృతం పోసినా చిక్కదనం చాల్లేదని మూతి ముడిచి, ఆనక గిన్నె నాకేసే రకం. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందంటారు. మావకి డొంక కూడా అక్కర్లేదు, ఖాళీ విస్తరి చాలు.

తప్పు ఆయనది కాదులెండి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పయ్యేళ్లు దిమ్మలు గిల్లి, నోట్లో వేసుకుని, ఏది ఏ రకమో తేల్చిన నాలుక అది. రిటైరయ్యాక దానికి పని లేకపోయేసరికి మా వీధి మీద పడింది. మావ భార్య మహాలక్ష్మి అత్త నలభయ్యేళ్ల కాపురంలో ‘బాగుంది’ అన్న మాట ఒక్కసారీ వినలేదట. వింటే ముందు డాక్టర్ని పిలుస్తానంది.

ఆ నాలుకకి రోజూ బలయ్యేది వీధి చివర దుర్గాలక్ష్మి పచ్చళ్ల కొట్టు. పచ్చి టమాటా, పచ్చిమిరప, ఉల్లిపాయ, కొత్తిమీర రోట్లో కచ్చాపచ్చాగా దంచి ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. ఆ రోలే ఆమె కుటుంబానికి ఆధారం. కొట్టు తీయగానే మావ హాజరు. అరచేతిలో కాస్త వేయించుకుని, నాకి, కళ్లు మూసుకుని తీర్పు చెబుతాడు. ఉప్పు తక్కువ, పులుపు ఎక్కువ. ఆమె కిక్కురుమనకుండా సర్దేది. ఇంత తిట్టీ, రెండు ప్యాకెట్లు కొనుక్కుని మరీ పోయేవాడు మహానుభావుడు.

ఈ ఫాల్గుణంలో మావకి వైరాగ్యం పుట్టింది. ఎండలు ముదిరేలోగా పెరట్లోనే టమాటా, మిరప, కొత్తిమీర పండించి, కొట్టు పచ్చడికి దణ్ణం పెట్టేస్తానని వీధంతా చాటాడు. మట్టి తిరగదవ్వి, పేడ, శనగపిండి, బెల్లం కలిపి జీవామృతం పులియబెట్టాడు. దానికి నల్లబెల్లం చాలని ఊళ్లో చంటిపిల్లనడిగినా చెబుతుంది. మట్టికి నాసిరకం పెట్టే వంశం తనది కాదని మావ మేలురకం దిమ్మ తెచ్చి, రెట్టింపు కలిపాడు. అనకాపల్లి చీమలన్నీ బంధుమిత్ర సపరివారంగా దిగాయి. చల్లిన విత్తనాలు బారులు తీరి గోడ దాటిపోయాయి. విత్తనాల్లో పస లేదన్నాడు మావ.

మర్నాడు కొట్టు దగ్గర పదిమంది ఉండగా మళ్లీ వంకలు మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

“నచ్చకపోతే మానెయ్ మావా. కష్టపడి బతికే మనిషిని రోజూ పదిమందిలో తిట్టడమేటి?” అన్నాను.

మావ అరచెయ్యి పంచెకి తుడుచుకుని వెళ్లిపోయాడు. దుష్టశిక్షణ చేసినవాడిలా నేను ఇంటికొచ్చి కాలర్ సర్దుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మావ కొట్టుకి రాలేదు. పచ్చడి మొదటిరోజు చప్పన, రెండోరోజు ఉప్పు కషాయం. మూడోరోజు, రోజూ ముప్పై ప్యాకెట్లు పట్టుకెళ్లే మెస్సు లోవరాజు, రేపూ ఇలాగే ఉంటే వేరే కొట్టు చూసుకుంటానని చెప్పేసి పోయాడు. అతను పోతే కొట్టు మూతే. ఏమైందని అడిగితే దుర్గాలక్ష్మి చీరకొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“సలికాలంలో జొరమొచ్చి తగ్గేక నాలిక్కి ఉప్పూ కారం ఏటీ తెలీటం లేదు తమ్ముడూ. నలుగురికీ తెలిత్తే నా పచ్చడి ఎవులు కొంటారు? సత్తియ్య బాబాయికొక్కడికే సెప్పేను. ‘నాకెలాగూ వంకలోడని పేరుంది, పొద్దున్నే వచ్చి తిడతాను, నువ్వు సర్దుకో, ఎవులూ అనుమానం పడరు’ అన్నాడు. ఆ పెరట్లో పంటన్నదీ ఈ నాటకంలోదే. నా కోసం పదిమందిలో మాట పడతంటే సూడలేక, రావద్దని నేనే సెప్పేను.”

నా కాలర్ అక్కడికక్కడే దిగిపోయింది. సిగ్గుతో చచ్చాను. పచ్చడి ప్యాకెట్ పట్టుకుని మావ పెరట్లోకి పరిగెత్తాను. చీమల మధ్య గొప్పు పట్టుకుని, తవ్విన మట్టినే మళ్లీ తవ్వుతున్నాడు. తప్పయిపోయిందన్నాను. మావ ప్యాకెట్ విప్పి నాకాడు.

“ఉప్పు మరీ ఎక్కువైపోనాది. పాపం, సెయ్యి భయపడిపోయింది,” అన్నాడు. అని, గొప్పు అక్కడే పారేసి కొట్టుకి బయల్దేరాడు.

మర్నాటి నుంచి తిట్లు యథాప్రకారం. లోవరాజు ముప్పై ప్యాకెట్లూ యథాప్రకారం.

మొన్న నాతవరంలో పెళ్లికెళ్తూ మావ నాకు డ్యూటీ అప్పగించాడు. మొహమాటానికి పోయి బాగుందనకు, పరువు పోద్దని హెచ్చరించి మరీ బస్సెక్కాడు. పొద్దున్నే వెళ్లి అరచెయ్యి చాపాను. తీరా నాకి చూస్తే ఉప్పు, పులుపు, కారం అన్నీ అమిరాయి. దుర్గాలక్ష్మి నా మొహంలోకే చూస్తోంది. నా వెనక లోవరాజు నిలబడి ఉన్నాడు.

“కొత్తిమీర తక్కువ,” అన్నాను మొహం చిట్లించి.

“ఆ ముసిలోడు సాలనట్టు నువ్వొకడివి తయారయ్యేవేటి బావా,” అని విసుక్కున్నాడు లోవరాజు.

దుర్గాలక్ష్మి నవ్వు దాచుకోవడానికి రోలు మీదికి వంగి, ఇంకో గుప్పెడు కొత్తిమీర వేసింది.