గంటన్నరకోసారి ఆరిపోయిన నక్షత్రం

మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో, 2007 ప్రాంతంలో, ఒక జంట నక్షత్రం నన్ను పట్టుకుంది. అందులో ఒకటి పల్సర్. ఒక పట్నమంతే ఉంటుంది, బరువు మాత్రం సూర్యుడికన్నా ఎక్కువ; సెకనుకు వందలసార్లు గిర్రున తిరుగుతుంది. రెండోది దాన్ని అంటిపెట్టుకుని తిరిగే తేలికపాటి తోడు. తోడు నుంచి లాక్కున్న వాయువు పల్సర్ మీద పడి కాగితే ఎక్స్‌రేలు పుడతాయి. మన గాలి వాటిని కిందికి రానివ్వదు కాబట్టి టెలిస్కోపును ఉపగ్రహంలో పెట్టి పైకి పంపాలి. అలాంటి ఒక ఉపగ్రహం చూసిందంతా ఇంటర్నెట్‌లో అందరికీ దొరికేది. ఆ జంట ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలని నా ఆరాటం.

ఈ పనిలో నాతో కోదాడ కాలేజీ మేడమ్ ఉండేది. ఇద్దరం హైదరాబాదులో ఒకే గైడు దగ్గర పిహెచ్‌డికి చేరాం. ఫైళ్లు పెద్దవి కావడంతో సూర్యాపేటలో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లం.

"పొద్దటి సంది ఏం దింపుతున్నవ్ సార్? సినిమానా? పేరు జెప్పు, నా కాడనే ఉంటది" అన్నాడు సెంటరతను ఒకసారి.

"సినిమా కాదు, నక్షత్రం."

"గదానికి నెట్టెందుకు? డాబా ఎక్కి సూడరాదు?"

"ఎక్కి చూశామండీ, కనపడలేదు" అంది మేడమ్.

ఒక ఆదివారం నా గ్రాఫులో వెలుగు గంటన్నరకోసారి పడిపోతూ కనిపించింది. తోడు నక్షత్రం అడ్డం వస్తోందనుకుని సంబరపడ్డాను. అప్పుడే కోదాడ బస్సెక్కాను. మేడమ్ గ్రాఫు చూసి, రెండు పడిపోవడాల మధ్య ఎంతసేపుందో లెక్కపెట్టింది.

"సార్, మన ఉపగ్రహం భూమిని చుట్టి రావడానికీ గంటన్నరే కదండీ? ప్రతి చుట్టులోనూ కాసేపు భూమి అడ్డమొస్తుంది, అప్పుడు డేటా ఉండదు. మీ ప్రోగ్రాము అక్కడ సున్నా వేస్తోందేమో చూడండి."

"మీకన్నింట్లోనూ అనుమానమే మేడమ్" అన్నాను. కాసేపు కూర్చుంటే తేలిపోయే సంగతి. కూర్చోలేదు.

హైదరాబాదులో సెమినార్ రోజున ఆమెకు పరీక్షల డ్యూటీ పడింది. నేనొక్కడినే గ్రాఫు చూపించాను. మా గైడు సరిగ్గా ఆమె అడిగిందే అడిగాడు. హాలంతా నా వంకే చూస్తోంది. "డేటాలో పనికిరానివి ఏరి శుభ్రం చేసింది మేడమ్, సార్" అన్నాను.

తర్వాత గైడు ఆమెకు ఫోన్ చేసి, ఇంతమాత్రం తెలియనివాళ్లకు రీసెర్చ్ ఎందుకు, మానుకోమన్నాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆ తర్వాత చేసినప్పుడూ ఎత్తలేదు.

చివరికి సున్నాలన్నీ తీసేసి చూశాను. పడిపోవడాలు మాయమయ్యాయి. కానీ పల్సర్ గిర్రున తిరిగిన ప్రతిసారీ గడియారంలా కొట్టే ఎక్స్‌రే టిక్కులు ఒకప్పుడు రవ్వంత ముందుగా, ఒకప్పుడు రవ్వంత ఆలస్యంగా చేరుతున్నట్టు అనిపించింది. పల్సర్ మనవైపు వచ్చినప్పుడు ముందు, అవతలివైపు వెళ్లినప్పుడు ఆలస్యం. అసలు చుట్టు అక్కడుంది! అది నిజమో కాదో అడగడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. పశ్చాత్తాపం కన్నా ముందు ఆ కుతూహలమే నన్ను కోదాడకు తీసుకెళ్లిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ల్యాబులో ఆమె కూర్చోమనలేదు. నేను టిక్కుల సంగతి మొదలుపెట్టాను.

"అది తర్వాత. ముందు గైడు గారికి ఫోన్ చేయండి. ఇక్కడే, నా ముందు."

చేశాను. తప్పు నాదేనని, ఆమె ముందే హెచ్చరించిందని, అబద్ధమాడానని చెప్పాను. "ఫోన్ ఆమెకివ్వు" అన్నాడాయన. ఆమె వింది. "మానను సార్. పేపరు మాత్రం నేనే రాస్తాను" అని ఫోన్ నా చేతికిచ్చింది.

నన్ను క్షమించిందో లేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. స్టూలొకటి కంప్యూటరు దగ్గరికి జరిపింది.

"ఆ టిక్కులు ఎంత ఆలస్యమయ్యాయి?" అంది.