రేపటి మందు రేపే

రేపురండిగారి షాపులో అన్ని మందులూ ఉంటాయి, రేపటి మందు తప్ప. నెలకు సరిపడా అడిగితే ఒక్కరోజుకే ఇచ్చి, "మిగతావి రేపు రండి" అంటాడాయన. దగ్గు మందడిగినా చెంచాతో కొలిచిచ్చే రకమని వీధిలో నవ్వుకునేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో!

కుట్టుపని చేసుకునే అమ్మాయికి ఆయన పుణ్యమా అని రోజూ మూడంతస్తులు దిగక తప్పేది కాదు. ఆరో నెల. భర్తది ఓడ మీద ఉద్యోగం. ఆమె గుండెలో లోహపు వాల్వు ఉంది. రక్తం గడ్డకట్టకుండా మందు పడి తీరాలి. కడుపు పండిందని తెలియగానే డాక్టరమ్మ పాత బిళ్లలు ఆపించి, రోజుకు రెండు సూదులు రాసింది. కుట్టుమిషను ఆగితే ఆ గదిలో వినిపించేది వాల్వు టిక్కుటిక్కే. ఒక్కోరోజు దానికే "ఊఁ" కొట్టేది పిచ్చితల్లి.

"బాబాయిగారూ, నెలవి ఇచ్చేయండి."

"ఉన్నవి రెండేనమ్మా. మిగతావి రేపు."

"నిన్నా ఇదే అన్నారు!"

"మాట మీద నిలబడే మనిషినమ్మా. ఏం తిన్నావు? లోపలివాడు తన్నుతున్నాడా?"

వెనక నుంచి గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉడుక్కున్నాడు. "నాకూ ఒక్క బీపీ బిళ్లే! కత్తెరతో కత్తిరించి మరీ ఇస్తాడు!"

ఒకరోజు పక్కింటావిడ, "రక్తం పలచబరిచే మందా? బిడ్డకు చేటు, మానెయ్" అంది. అమ్మాయి హడలిపోయి పొద్దుటి సూది మానేసింది. షాపుకీ వెళ్లలేదు. సాయంత్రానికి తలుపు చప్పుడైంది. రొప్పుతూ రేపురండిగారు.

"ఇవాళ్టివి ఇవాళే తీసుకోవాలి తల్లీ!"

"బిడ్డకేమన్నా అయితే?"

"బిళ్లలైతే బిడ్డను చేరతాయి, అందుకే ఆపారు. ఈ మందు మాయ దాటి బిడ్డ దాకా పోదు. మానేస్తే నీ ప్రాణానికే ముప్పు. నా మాట నమ్మకు, డాక్టరమ్మకు ఫోను చెయ్యి."

డాక్టరమ్మ అదే చెప్పి, సూది వెంటనే వేసుకుని పొద్దున్నే రక్తపరీక్షకు రమ్మంది. సూది మానేసినందుకు ఆమెకు, రోజుకు రెండేసి ఇస్తున్నందుకు ఆయనకు, చీవాట్లు మాత్రం సమానంగా పెట్టింది.

మర్నాడు షాపులో ఆమె ముందున్నాయన సంచీ నిండా నెల మందులు పట్టుకుపోయాడు.

"అదేంటి బాబాయిగారూ, ఆయనకెలా ఇచ్చారు?"

రేపురండిగారు ముక్కుమీద కళ్లజోడు ఉండగానే కళ్లజోడు కోసం వెతకసాగాడు.

గడియారాలాయన నవ్వాడు. "వాళ్లింట్లో ఆరుగురమ్మా. రోజూ ఇక్కడ నిలబడే మనల్ని చూడు. ఇంట్లో రెండో మనిషున్నవాళ్లెవరైనా ఉన్నారా?"

ఆ రోజు ఆమె రెండు సూదులే తీసుకుని, చీకటిపడేదాకా అక్కడే కబుర్లు చెబుతూ నిలబడింది.

దేవుడు చల్లగా చూశాడు, బాబు పుట్టాడు. మళ్లీ పాత బిళ్లలే రాసి, పాలు నిశ్చింతగా పట్టమంది డాక్టరమ్మ. బాబునెత్తుకుని షాపుకొస్తే, రేపురండిగారు చరిత్రలో తొలిసారి ఆమె ముందు నెల బిళ్లలు పెట్టాడు.

"ఇప్పుడు ఇంట్లో ఇద్దరయ్యారుగా."

ఆమె ఒక్కరోజువి తీసుకుని, మిగతావి ఆయనవైపు జరిపింది.

"వీడికింకా మాటలు రాలేదు బాబాయిగారూ."